మీ ప్రశ్నలు, మా జవాబులు: పాత మోటర్‌హోమ్ ముందు చక్రాల బేరింగులు, హబ్బులు

వేసవి ప్రయాణాలకు ముందు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు ఎక్కువగా ఏసీల గురించీ టైర్ల గురించీ ఉంటాయి. ఈసారి అమెరికాలో ఉంటున్న పాఠకుల నుంచి వచ్చిన ఏడు ఉత్తరాలు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. 1970ల నాటి మోటర్‌హోమ్ కొన్నాం, ఇంజను చూపించాం, బ్రేకులు చూపించాం, మరి ముందు చక్రాల హబ్బులు, అంటే లోపల బేరింగులు ఉండే చక్రం మధ్య భాగాలు విప్పించాలా అన్నదే వాటి సారాంశం. విప్పించి తీరాలన్నది నా అభిప్రాయం. అయితే ఎలా విప్పాలి, ఎంత బిగించాలి అన్నది బండినిబట్టి మారుతుంది. ఒక బండికి సరైన పద్ధతి ఇంకో బండిలో బేరింగును కాల్చేస్తుంది. అందుకే ఈ నెల చోటంతా ఈ ఒక్క విషయానికే కేటాయించాను.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. షెవ్రొలే పి-30 ఛాసిస్ మీద కట్టిన 1977 నాటి మోటర్‌హోమ్ కొన్నాం. మీటరు 48,000 మైళ్లే చూపిస్తోంది. అంతకుముందు ఉన్న యజమాని దాన్ని తొమ్మిదేళ్లు పెరట్లోనే నిలిపి ఉంచారట. ఇంత తక్కువ తిరిగిన బండికి బేరింగులు విప్పాల్సిన అవసరం ఉందా? జూన్‌లో పిల్లలతో గ్రాండ్ కాన్యన్ వెళ్లాలని అనుకుంటున్నాం.

జవాబు: మీరు ధైర్యంగా చెప్పిన ఆ తక్కువ మైళ్లే నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి. గ్రీజు అంటే సబ్బులాంటి పదార్థం పట్టి ఉంచిన నూనె. బండి తిరుగుతున్నంత కాలం ఆ నూనె కొద్దికొద్దిగా బయటికి వచ్చి రోలర్లను తడుపుతూ ఉంటుంది. బండి ఏళ్ల తరబడి ఒకచోట నిలబడితే నూనె కిందికి జారిపోయి, పైన ఎండిన చింతపండు గుజ్జులాంటి ముద్ద మిగులుతుంది. పగటి వేడికీ రాత్రి చలికీ హబ్బు లోపల చెమ్మ పుడుతుంది, అది నూనె లేనిచోట ఉక్కును తింటుంది. తొమ్మిదేళ్లూ రోలర్లు రేసు (అవి దొర్లే ఉక్కు వలయం) మీద ఒకేచోట ఆనుకుని ఉన్నాయి కనుక, ఆ ఆనిన చోట్ల సమానమైన ఎడంతో సన్నని నల్లటి అడ్డగీతలు పడి ఉండవచ్చు. పెరట్లో ఉన్నప్పుడు ఆ గీతలు ఏ హానీ చేయవు. అరిజోనా ఎండలో గంటల తరబడి బండి పరుగెత్తినప్పుడు గీత పడిన చోటునుంచే ఉక్కు పొరలు పొరలుగా లేవడం మొదలుపెడుతుంది.

మీ ఛాసిస్‌లో ముందు చక్రాలకు ఉన్నవి టేపర్ రోలర్ బేరింగులు, అంటే ఒకవైపుకు సన్నబడే రోలర్లు ఉన్నవి. హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంటు పొందిన ఈ రకం, పైనుంచి దిగే బరువునూ మలుపుల్లో పక్కనుంచి వచ్చే తోపునూ రెండింటినీ మోస్తుంది. ప్రతి హబ్బులో రెండు బేరింగులు ఎదురెదురుగా ఉంటాయి: లోపలిది పెద్దది, బయటిది చిన్నది. కప్పు అని పిలిచే బయటి రేసు హబ్బులోకి బిగుతుగా దిగి ఉంటుంది. లోపలి రేసు మాత్రం స్పిండిల్ (హబ్బు చుట్టూ తిరిగే, తాను తిరగని ఇరుసు) మీద చేతితో జారేంత వదులుగా ఉంటుంది. ఈ వదులును చూసి కొందరు స్పిండిల్ అరిగిపోయిందని కంగారుపడతారు, అది అలాగే ఉండాలి. స్పిండిల్ మీద లోతైన గాడి పడినా, నీలం రంగు తిరిగినా మాత్రం అప్పుడు కంగారుపడాలి.

విప్పే ముందు వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి. జాకీతో లేపిన వెంటనే ఛాసిస్ కింద ఆ బరువుకు తగిన స్టాండ్లు పెట్టండి. బండి కేవలం జాకీ మీద ఉండగా చక్రం దగ్గర చేయి కూడా పెట్టవద్దు. ఇది నాలుగైదు టన్నులకు పైబడిన ఇల్లు. చక్రం తీశాక బ్రేక్ కాలిపర్‌ను (డిస్కును నొక్కి పట్టే భాగాన్ని) విప్పి తీగతో పైకి కట్టండి, రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకండి. మూత తీసి, నట్టు తిరగకుండా ఆపే చీల అయిన కాటర్ పిన్ లాగి, నట్టు విప్పి, డిస్కును రెండు చేతులతో కొద్దిగా అటూ ఇటూ ఊపితే బయటి బేరింగు వాషరుతో సహా మీ అరచేతిలోకి వస్తుంది. పి-30 హబ్బూ డిస్కూ కలిపి చాలా బరువు ఉంటాయి, ఒక్కరే దించబోయి నడుము నొప్పి తెచ్చుకోవద్దు. కుడి హబ్బులోవి కుడి పళ్లెంలో, ఎడమవి ఎడమ పళ్లెంలో ఉంచండి. ఇన్నేళ్లూ ఏ కప్పుతో కలిసి అరిగిందో ఆ బేరింగు ఆ కప్పులోకే తిరిగి వెళ్లాలి.

తరవాత పని కళ్లది, గోరుది. బేరింగును కిరసనాయిలులో గాని మినరల్ స్పిరిట్స్‌లో గాని పాత గ్రీజు మచ్చ లేకుండా కడిగి, నూలు పోగులు రాలని గుడ్డ మీద ఆరబెట్టండి. ఆరబెట్టడానికి గాలి గొట్టం పెట్టి రోలర్లను గిర్రున తిప్పే అలవాటు చాలా గ్యారేజీల్లో చూశాను. నూనె చుక్క లేని రోలర్లు ఆ వేగానికి దెబ్బతింటాయి, వాటిని పట్టి ఉంచే పంజరం తెగితే రోలర్లు తూటాల్లా ఎగురుతాయి. ఆరిన బేరింగును పగటి వెలుతురులో పట్టుకుని ప్రతి రోలర్‌నూ వేలితో తిప్పి చూడండి. కప్పు లోపలి గోడ మీద గోటిని అడ్డంగా నడపండి. గోటికి తగిలే గీత ఏదైనా ఉంటే ఆ బేరింగు, ఆ కప్పు రెండూ మార్చాల్సిందే. కంటికి కనిపించి గోటికి తగలని లేత బూడిదరంగు మెరుపు మామూలు అరుగుదల, దానితో ప్రమాదం లేదు. గడ్డిపసుపు రంగు కనిపిస్తే ఉక్కు 230 డిగ్రీల సెల్సియస్ వరకూ, నీలం కనిపిస్తే 300 డిగ్రీల వరకూ కాలిందని అర్థం. అంత కాలిన ఉక్కు గట్టిదనం కోల్పోతుంది, పైకి నున్నగా ఉన్నా పనికిరాదు.

కప్పు మార్చాల్సి వస్తే హబ్బు లోపల దాని వెనక ఉన్న గాళ్లలోంచి ఇత్తడి కడ్డీ పెట్టి, ఒకసారి ఒకవైపు, ఒకసారి ఎదురువైపు కొడుతూ నిదానంగా దింపాలి. కొత్త కప్పును ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచితే కొద్దిగా ముడుచుకుని తేలికగా దిగుతుంది. అది అడుగుకు చేరిందో లేదో చెవి చెబుతుంది. దిగుతున్నంతసేపూ సుత్తి దెబ్బ బొంగురుగా ఉంటుంది, అడుగు తాకిన క్షణంలో ఖణేలుమంటుంది. ఆ శబ్దం వినిపించేదాకా ఆగవద్దు, వినిపించాక ఇంకో దెబ్బ వేయవద్దు.

గ్రీజు పట్టించడం పిండి పిసికినంత తీరికగా చేయాల్సిన పని. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దానికి ఒత్తుతూ అరచేతి అంచు వైపు లాగండి. రోలర్ల మధ్యనుంచి గ్రీజు సన్నని వైపున పురుగుల్లా బయటికి పొడుచుకు వచ్చేదాకా అదేచోట ఒత్తి, తరవాత కొద్దిగా తిప్పి మళ్లీ మొదలుపెట్టండి. పైన పూసిన గ్రీజు లోపలికి తానే వెళుతుందనుకోవడం పెద్ద పొరపాటు. హబ్బు మధ్య బోలులో కప్పుల అంచు మట్టం వరకూ మెత్తితే చాలు. బోలంతా కూరితే వేడికి ఉబ్బిన గ్రీజు సీలును (గ్రీజు బయటికి రాకుండా ఆపే వలయాన్ని) తోసుకుని బ్రేకు డిస్కు మీదికి వస్తుంది. లోపలి సీలు ప్రతిసారీ కొత్తదే వేయాలి. దాని పెదవి బేరింగు వైపు చూడాలి, ఆ పెదవికి పలచగా గ్రీజు రాయాలి. చేతి గ్రీజు డిస్కుకు అంటితే బ్రేక్ క్లీనరుతో తుడిచాకే కాలిపర్ ఎక్కించండి.

ఒకసారి ఇలా చేశాక 25,000 మైళ్లకో మూడేళ్లకో, ఏది ముందైతే అప్పుడు మళ్లీ విప్పండి. మీలాగా ఏడాదిలో ఎక్కువ కాలం నిలిపి ఉంచేవారికి మూడేళ్ల లెక్కే ముఖ్యం.

ప్రశ్న: మాది కూడా అదే ఛాసిస్. మా పెదనాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు లారీ మెకానిక్‌గా పనిచేశారు. వీడియోలో చూసి, నట్టు బాగా బిగించి ఆ తరవాత వదలమన్నారు. ఇక్కడి మిత్రుడేమో బిగించి అలాగే పిన్ వేసేయమంటున్నాడు. మాన్యువల్‌లోనేమో చేతితో బిగిస్తే చాలని ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ పెదనాన్నగారి మాట, మాన్యువల్ మాట ఒకటే. మిత్రుడి మాట వినకండి. ఈ తరహా జీఎం (షెవ్రొలే తయారీ సంస్థ జనరల్ మోటర్స్) హబ్బుల్లో పద్ధతి ఇది. చక్రాన్ని ముందు దిశలో చేతితో తిప్పుతూ నట్టును 12 ఫుట్-పౌండ్ల వరకూ, అంటే దాదాపు 16 న్యూటన్ మీటర్ల వరకూ బిగించాలి. ఇది బేరింగులు తమ చోట్లలో కుదురుకోవడానికి, మధ్యలో ఇరుక్కున్న గ్రీజు తప్పుకోవడానికి. తరవాత నట్టును పూర్తిగా వదులు చేసి, ఈసారి పానా లేకుండా వేళ్లతోనే బిగించాలి. అప్పుడు కాటర్ పిన్ రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే నట్టును వెనక్కి తిప్పి కలపాలి, ముందుకు బిగించి కలపకూడదు. ఆ వెనక్కి తిప్పడం కూడా నట్టు ముఖాల్లో సగం ముఖానికి మించకూడదు. అన్నీ కుదిరాక హబ్బు లోపలికీ బయటికీ 0.001 నుంచి 0.005 అంగుళం, అంటే 0.03 నుంచి 0.13 మిల్లీమీటర్ల వరకూ కదలాలి. ఇంత సన్నని కదలికను కొలిచే, అయస్కాంతపు అడుగు ఉన్న డయల్ గేజీ తక్కువ ధరకే దొరుకుతుంది, అంచనాకు బదులు దానితో కొలవండి.

ఈ కొంచెం ఖాళీ ఎందుకంటే, బండి నడిచేటప్పుడు బ్రేకు వేడి, తిరుగుడు వేడి కలిసి లోపలి భాగాలు సాగుతాయి, ఆ సాగుడుకు చోటు కావాలి. చోటు లేకపోతే బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడితో వేడి పెరుగుతుంది, వేడితో మరికొంత సాగుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

ఇది నాకు జరిగిన విషయమే. కొన్నేళ్ల కిందట నా సొంత బండికి ప్రయాణానికి ముందురోజు ఒక గ్యారేజీలో గ్రీజు పెట్టించాను. పనివాడు నట్టును పొడుగు పానాతో బిగించి పిన్ వేశాడు, నేను పక్కనే ఉండి కూడా అడగలేదు. మర్నాడు న్యూ మెక్సికోలో ఇంటర్‌స్టేట్ 40 మీద రెండు గంటలు నడిపాక ఇనుము కాలిన వాసన, మాడిన నూనె వాసన కలిసి క్యాబిన్‌లోకి వచ్చాయి. పక్కకు ఆపి, చల్లారాక మూత విప్పితే, నిన్న పెట్టిన ఎర్రటి గ్రీజు కాఫీ డికాషన్‌లా పలచగా, నల్లగా కారింది. బయటి బేరింగు రేసు మీద నెమలికంఠం రంగు తిరిగింది. ఇంకో అరగంట నడిపి ఉంటే బేరింగు స్పిండిల్‌కు అతుక్కుపోయేది, ఆ తరవాత చక్రం బండితో ఉంటుందన్న నమ్మకం లేదు. ఆనాటినుంచి ఎవరు గ్రీజు పెట్టినా డయల్ గేజీ నేనే పెడతాను.

కాటర్ పిన్ విషయంలో ఒక మాట. పాత పిన్‌ను సాగదీసి మళ్లీ వాడకండి. మా ఊళ్లో ఎద్దుబండి కట్టే ముందు మా తాతగారు కందెన ఉన్నదో లేదో తరవాత చూసేవారు, ముందు ఇరుసు చివర కడశీల మీద చేయి వేసేవారు. చక్రం ఊడిపోకుండా ఆపేది ఆ చిన్న చీలే. మీ బండిలో ఆ పని చేసేది ఈ పిన్. ధర కొన్ని సెంట్లు మాత్రమే, ప్రతిసారీ సరైన మందం ఉన్న కొత్తది వేయండి.

ప్రశ్న: మా మోటర్‌హోమ్‌లో 45 మైళ్ల వేగం దాటగానే ముందునుంచి హూమని శబ్దం వస్తోంది. టైర్లని ఒకరు, బేరింగులని ఒకరు అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి? — ఒక పాఠకుడు, షికాగో

జవాబు: ఖాళీగా ఉన్న విశాలమైన చోట అదే వేగంలో మెల్లగా కుడికి, తరవాత ఎడమకు వంపు తీసుకోండి. కుడికి తిరిగినప్పుడు బండి బరువు ఎడమ చక్రం మీదికి వాలుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే ఎడమ బేరింగును, ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి. వంపుల్లో ఏ మార్పూ లేకుండా, రోడ్డు తారునుంచి సిమెంటుకు మారినప్పుడు శబ్దం స్వరం మారితే అది చాలావరకు టైరుదే.

తరవాత చక్రాన్ని లేపి, ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేతిని పైనున్న కాయిల్ స్ప్రింగ్ మీద ఆనించండి. చెవికి వినపడని గరగర కూడా స్ప్రింగ్ ద్వారా వేళ్లకు తెలుస్తుంది. వెన్నలా తిరిగే చక్రానికీ ఇసుక పడినట్టు తిరిగే చక్రానికీ తేడా ఒకసారి తెలిసిన చేయి మళ్లీ మరిచిపోదు. కుడి, ఎడమ రెండూ తిప్పి పోల్చి చూడండి.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు ఆట (వదులు కదలిక) కనిపిస్తే, అది బేరింగుదా, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు అయిన బాల్ జాయింటుదా అన్న ప్రశ్న వస్తుంది. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే అది బేరింగుది, పోకుండా అలాగే ఉంటే బాల్ జాయింటుదో, కొన్ని బళ్లలో దాని బదులు ఉండే కింగ్ పిన్నుదో అవుతుంది. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆట ఉంటే స్టీరింగు కడ్డీల చివరలు చూపించండి. బేరింగు వదులుంటే నట్టు బిగించి సరిపెట్టవచ్చు కదా అని కొందరు వెంటనే పానా తీస్తారు. శబ్దం చేస్తున్న బేరింగును బిగించి నోరు మూయించవద్దు. విప్పి, కడిగి, చూసిన తరవాతే బిగించండి.

ప్రశ్న: నాది 1976 జీఎంసీ మోటర్‌హోమ్, ముందు చక్రాల డ్రైవ్. నా బండి పనులు చాలావరకు నేనే చేసుకుంటాను. మీరు పోయిన సంచికలో ట్రైలర్ల బేరింగులకు చెప్పినట్టుగా మూడేళ్లకోసారి విప్పి గ్రీజు పెట్టుకోవచ్చా? — ఒక పాఠకురాలు, ఒహాయో

జవాబు: పెట్టుకోలేరు. ఈ తేడా తెలియకే మంచి హబ్బులు పాడవుతున్నాయి కనుక ప్రశ్న అడిగినందుకు మీకు కృతజ్ఞతలు. 1973 నుంచి 1978 మోడళ్ల వరకూ మిషిగన్‌లోని పాంటియాక్‌లో తయారైన మీ బండికి ముందు భాగమంతా ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడో కారునుంచి వచ్చింది. ఇంజనూ గేర్‌బాక్సూ ముందు చక్రాల మీదే కూర్చుని, ఆ చక్రాలనే తిప్పుతాయి. అందుకే మీ బండిలో స్పిండిల్ ఉండదు. స్టీరింగు నకిల్ అనే పోత భాగం లోపల రెండు టేపర్ బేరింగులు, వాటి మధ్య ఎడాన్ని నిలిపి ఉంచే వలయం అయిన స్పేసరు కూర్చుంటాయి. హబ్బు ఆ బేరింగుల్లోకి బిగుతుగా దిగుతుంది. డ్రైవ్ షాఫ్టు చివర పళ్లు హబ్బు మధ్యలోంచి వచ్చి, ఒక పెద్ద నట్టు అన్నిటినీ కలిపి పట్టుకుంటుంది.

ఇక్కడ ఖాళీని నిర్ణయించేది నట్టు కాదు, స్పేసరు. పైన పి-30కి చెప్పినట్టు నట్టును వేళ్లతో బిగించి వదిలితే ఈ బేరింగు కొద్ది మైళ్లలోనే చెడిపోతుంది. మీ నట్టును జీఎంసీ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన పూర్తి బలంతో బిగించాలి. అదే కారణంగా, నట్టు వదులు చేసి గాని, డ్రైవ్ షాఫ్టు తీసేసి గాని బండిని చక్రాల మీద ఒక్క అడుగు కూడా దొర్లించవద్దు. జత చేసి వచ్చిన స్పేసరును ఇంకో బేరింగు సెట్టుతో కలపవద్దు.

విప్పడం పెరట్లో అయ్యే పనే గాని తీరిక కావాలి. హబ్బును లాగుడు సుత్తితో బయటికి తీస్తే బయటి బేరింగు లోపలి రేసు తరచుగా హబ్బునే అంటుకుని వస్తుంది, దాన్ని పుల్లరుతో తీయాలి. అలా బలంగా లాగిన బేరింగును తిరిగి వాడాలని నేను చెప్పను. నకిల్‌ను బాల్ జాయింట్లనుంచి వేరు చేసే ముందు ఒక జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. మీ బండి ముందు సస్పెన్షన్ టార్షన్ బార్ల మీద నడుస్తుంది. మెలిపెట్టిన ఆ ఉక్కు కడ్డీలో బండి ముందు భాగాన్ని మోసేంత బలం దాగి ఉంటుంది. కింది కంట్రోల్ ఆర్మ్‌కు గట్టి ఆధారం లేకుండా, లేదా తగిన పరికరంతో బార్ బిగువు దించకుండా బాల్ జాయింటు విడదీయవద్దు. నకిల్‌ను బల్ల మీదికి తెచ్చాక కప్పులు మార్చడం, కొత్త బేరింగులు ఎక్కించడం హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న చోట చేయించండి. హబ్బును ఎక్కించేటప్పుడు బలం లోపలి రేసు మీదే పడాలి, రోలర్ల మీదుగా పోకూడదు.

ఈ బండి యజమానుల్లో చాలామంది చేయించుకునే మార్పు ఒకటి నాకు నచ్చింది. కంపెనీ ఇచ్చిన నకిల్‌కు గ్రీజు నిపిల్ (గన్నుతో గ్రీజు ఎక్కించే చిన్న మూతి) లేదు. నకిల్ బల్ల మీద ఉండగానే దానికి రంధ్రం వేసి నిపిల్ బిగించి, స్పేసరుకు కూడా గాడీ రంధ్రాలూ చేయిస్తే, ఇకపై విప్పకుండానే రెండు బేరింగుల మధ్యకు కొత్త గ్రీజు పంపవచ్చు. రంధ్రం వేసిన లోహపు పొడి ఒక్క రవ్వ కూడా లోపల మిగలకుండా కడగాలి. నిపిల్ ఉంది కదా అని గన్నుతో గబగబా కొడితే సీళ్లు ఊడతాయి. చక్రాన్ని లేపి, చేతితో తిప్పుతూ, ఒక్కో నొక్కుకు మధ్య ఆగుతూ పెట్టండి. ఒక టన్ను ట్రక్కుల పెద్ద హబ్బులూ బ్రేకులూ తెచ్చి ముందు భాగమంతా మార్చే కిట్లు కూడా ఉన్నాయి. ఖర్చు తక్కువేమీ కాదు. బండిని ఇంకా చాలా ఏళ్లు దూరప్రయాణాలకు వాడే ఉద్దేశం ఉండి, బ్రేకులు కూడా ఎలాగూ మార్చాల్సి ఉంటేనే దానివైపు చూడమంటాను.

ప్రశ్న: మా 1973 ఫోక్స్‌వాగన్ క్యాంపర్ ఎడమ ముందు చక్రం నట్టు ఎంత బలం పెట్టినా రావడం లేదు. పైపు తగిలించి తిప్పమంటారా? మొన్నటినుంచి స్పీడోమీటరు కూడా పనిచేయడం లేదు. — ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: పైపు పక్కన పెట్టండి, ఇప్పటిదాకా మీరు దాన్ని బిగిస్తున్నారు. ఎడమ ముందు చక్రం నట్టుకు లెఫ్ట్ థ్రెడ్ ఉంటుంది, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. కుడి చక్రానిది మామూలే. ముందుగా నట్టును నొక్కి పట్టుకున్న షట్కోణపు గుంట ఉన్న చిన్న స్క్రూను అలెన్ కీతో వదులు చేయాలి. అది వదులు చేయకుండా బలం పెట్టి ఉంటే థ్రెడ్లు దెబ్బతిన్నాయేమో చూసుకోండి.

రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. ఈ బండిలో స్పీడోమీటరును తిప్పేది గేర్‌బాక్సు కాదు, ఎడమ ముందు చక్రమే. కేబుల్ స్పిండిల్ మధ్య బోలులోంచి వచ్చి, దాని నలుపలకల కొన చక్రం మూతకున్న రంధ్రంలో దూరి ఉంటుంది. మూత చక్రంతో పాటు తిరుగుతూ కేబుల్‌ను తిప్పుతుంది. కొనకు ఉన్న చిన్న పిన్నో క్లిప్పో ఊడిపోతే మీటరు ఆగిపోతుంది. మూతకున్న ఆ రంధ్రం అరిగి గుండ్రమైపోయినా అంతే.

హబ్బు లోపలికీ బయటికీ కదలాల్సిన కొలత 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్లు. గేజీ లేకపోతే నట్టు వెనకున్న వాషరును స్క్రూడ్రైవర్ కొనతో, వేలి బలంతోనే పక్కకు నెట్టి చూడండి. ఎత్తి మీటకుండా, మెలిపెట్టకుండా అది కాస్త జరిగితే సర్దుబాటు సరిగ్గా ఉన్నట్టు. చివర్లో అలెన్ స్క్రూ బిగించాక మళ్లీ ఒకసారి చూడండి, ఆ బిగింపులో కొలత కొంచెం మారుతుంది. ఇదే సందర్భంలో పాత డాడ్జ్ ఛాసిస్ వారికి కూడా ఒక మాట: కొన్నిటిలో ఎడమవైపు చక్రాల నట్లన్నీ లెఫ్ట్ థ్రెడ్లే. స్టడ్ కొన మీద ఎల్ అక్షరం ఉందేమో తుడిచి చూశాకే పానా పెట్టండి.

ప్రశ్న: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, ఇన్ని రంగుల గ్రీజుల్లో ఏది మంచిది? పాతదాని మీదే కొత్తది పెట్టవచ్చా?

జవాబు: రంగు తయారీదారు వేసిన అద్దకం మాత్రమే, గుణం దానిలో లేదు. డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ 2 అన్న గట్టిదనమూ, జీసీ-ఎల్‌బీ అన్న గుర్తూ చూడండి. ఇందులో జీసీ చక్రాల బేరింగులకు, ఎల్‌బీ ఛాసిస్ కీళ్లకు పనికివస్తుందని చెబుతుంది. డిస్కు బ్రేకులున్న బండికి లిథియం కాంప్లెక్స్ రకం నాకు నమ్మకమైనది, సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగి కారదు.

కలపడం మాత్రం వద్దు. లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజో, బంకమన్ను ఆధారంగా చేసిన గ్రీజో పెడితే తరచుగా రెండూ విరిగిన పాలలా నీరుకారిపోతాయి. పాత బండిలో లోపల ఏముందో ఎవరికీ తెలియదు కనుక మొదటిసారి పూర్తిగా కడిగి, ఒకే రకం పెట్టి, ఆ పేరూ తేదీ ఒక చీటీ మీద రాసి గ్లవ్ బాక్సులో ఉంచండి.

ప్రశ్న: దారిలో ఏం గమనించాలి? వెంట ఏం తీసుకెళ్లాలి?

జవాబు: గ్రీజు పెట్టాక మొదటి 20 మైళ్లకు ఒకసారి, 100 మైళ్లకు ఇంకోసారి ఆగండి. ఆగబోయే ముందు బ్రేకును ఎక్కువగా వాడకుండా బండిని తనంతట నిదానించనిచ్చి, దిగగానే రెండు ముందు హబ్బుల వేడినీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. ఒక్క అంకె చూసి నిర్ణయానికి రావద్దు, కుడి ఎడమల మధ్య తేడా చూడండి. ఒకటి చెప్పుకోదగినంత ఎక్కువ వేడిగా ఉంటే బేరింగు బిగుసుకుందో, బ్రేకు పట్టేసిందో, ఏదైనా సరే అక్కడే లేపి చక్రం తిప్పి చూడాలి. చక్రాల నట్లను కూడా మొదటి 50 మైళ్లకు మళ్లీ టార్క్ పానాతో సరిచూడండి.

బేరింగులు విప్పినప్పుడే వాటి మీద చెక్కి ఉన్న నంబర్లు రాసుకోండి. ఆ నంబర్లతో బండి పేరు చెప్పకుండానే ఏ బేరింగుల దుకాణంలోనైనా అడగవచ్చు. ఒక హబ్బుకు సరిపడా లోపలి బేరింగు, బయటి బేరింగు, వాటి కప్పులు, ఒక సీలు, నాలుగు కాటర్ పిన్నులు, చిన్న డబ్బా గ్రీజు ఒక ప్లాస్టిక్ పెట్టెలో సర్దండి. కొత్త బేరింగుల కాగితం చుట్టు విప్పవద్దు. అరిజోనా ఎడారిలో ఆదివారం సాయంత్రం తెరిచి ఉన్న దుకాణం దొరికినా, 1977 నాటి హబ్బుకు సీలు ఆ అలమారాలో ఉండకపోవచ్చు.